పెరటి కోళ్లలో మూడు గుంపులు: ఇప్పటిదాకా వచ్చిన పని

దగ్గరి రక్తసంబంధం ఉన్నవి జతకట్టకుండా నా కోళ్లను కాలి రింగు రంగును బట్టి మూడు గుంపులుగా విడదీశాను: ఎర్ర రింగు, పసుపు రింగు, నీలం రింగు. మూడు గుంపులూ వేటి దొడ్లో అవి కుదురుకున్నాయి. ఒక్కో దాంట్లో ఒక పుంజు, ఐదారు పెట్టలు. చురుకైన పుంజుకు పది పెట్టలదాకా వదలొచ్చు, కానీ గుంపు చిన్నదైతే ఏ పెట్ట ఎలా ఉందో రోజూ కంటికి ఆనుతుంది.

విడదీశాక మూడు వారాల గుడ్లన్నీ వంటింటికే పంపాను. పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నిలవ ఉంటుంది. అందుకే కొత్త పుంజు తొక్కుతున్నా పుట్టే పిల్ల పాత పుంజుది కావచ్చు. మంచి గుడ్లు పొదగెయ్యకుండా వదిలేయడం బాధగానే ఉంటుంది. అయినా ఈ గడువు పాటించకపోతే ఎన్ని జాలీలు కట్టినా దండగే.

జాలీ కింది భాగానికి రెండడుగుల ఎత్తున రేకు కొట్టాను. పుంజులు ఒకదాన్నొకటి చూసుకుంటే చాలు, జాలీ సందుల్లోంచే పొడుచుకుంటాయి. పసుపు గుంపు పుంజు తురాయి మీద అలా అయిన గాయం ఇప్పుడు నల్లగా చెక్కు కట్టి, అంచుల్లో ఊడుతోంది.

గుడ్డు తీసిన వెంటనే పెన్సిల్‌తో గుంపు గుర్తు, తేదీ రాస్తాను. మొన కిందికి పెట్టి, చల్లటి చోట ఉంచి, వారంలోపే ఇంక్యుబేటర్‌లో పెట్టేస్తాను. అసలు టెన్షన్ అలా పెట్టిన 18వ రోజున. పిల్ల బయటికొచ్చాక గుర్తు పెంకు మీదే ఉండిపోతుంది కదా! అందుకే ఆ రోజు ఏ గుంపు గుడ్లను ఆ గుంపు జాలీ బుట్టలోకి మారుస్తాను. పిల్ల ఒళ్లు ఆరగానే కాలికి రింగు. కాళ్లు ఇట్టే లావెక్కుతాయి, రింగు చర్మంలోకి దిగకుండా తరచూ చూసి పెద్దది మార్చాలి.

ఈ పిల్లలు ఎదిగాక పెట్టలు తల్లి గుంపులోనే ఉంటాయి. పుంజులు మాత్రం పక్క గుంపుకు వెళ్తాయి: ఎర్రవి పసుపులోకి, పసుపువి నీలంలోకి, నీలానివి ఎర్రలోకి. అన్నాచెల్లెళ్లు జతకట్టవు, బయటి పుంజును తెచ్చే అవసరమూ చాలాకాలం రాదు.

ఏడో రోజు లైటు పెట్టి చూస్తే ఎర్ర, పసుపు గుడ్లలో నరాలు బాగా కనిపించాయి. నీలంలోనే పిండం కట్టని వట్టివి ఎక్కువ. ఆ కోళ్లకు తోక కింద ఈకలు మరీ ఒత్తు, జత సరిగా కుదరడానికి అవే అడ్డు కావచ్చు. పుంజుకూ పెట్టలకూ అక్కడ కత్తిరించాను, తర్వాతి విడత గుడ్లలో తేడా చూడాలి.