జీరో డ్రాప్ బూట్లూ, నా నాలుగో వేలూ

మోకాళ్ళు అరిగాయంటే జనం జాలిపడతారు. నడుం పట్టేసిందంటే ఏదో ఒక తైలం పేరు చెబుతారు. కాలివేళ్ళ మధ్య నరం దళసరెక్కిందని చెప్పి చూడండి, "అదేం రోగమమ్మా?" అని మొహం వంక చూస్తారు. నాకొచ్చింది అదే. మోర్టన్స్ న్యూరోమా అంటారు. 1876లో ఫిలడెల్ఫియా సర్జన్ థామస్ మోర్టన్ దీని గురించి రాయడంతో ఆయన పేరే ఖాయమైపోయింది. నా మటుకు నాకు మందుల కంటే బూటే ఎక్కువ పనిచేసింది. ఆ బూటు వెతుక్కుంటూ పోయి జీరో డ్రాప్ ట్రయల్ రన్నింగ్ షూల దగ్గర, అంటే మడమా ముందుభాగమూ ఒకే ఎత్తులో ఉండి, కొండదారుల్లో పరిగెత్తడానికి చేసిన బూట్ల దగ్గర తేలాను.

మాది తిరుపతి. ఉద్యోగం బ్యాంకులో, ప్రాణం అడవిలో. సెలవు దొరికి, అటవీశాఖ వాళ్ళు దారి వదిలితే చాలు, శేషాచలం కొండల్లో ఏదో ఒక తీర్థానికి బయల్దేరే గుంపు ఒకటుంది మాకు. అందరం వేసుకునేది ఒకటే రకం: చీలమండ దాకా వచ్చే బరువైన ట్రెక్కింగ్ బూట్లు. మడమ దగ్గర ఎత్తు, ముందు సన్నగా మొన తేలి ఉంటాయి. చాలా ఏళ్ళు వాటితోనే తిరిగాను, ఏమీ కాలేదు. తర్వాత మెల్లగా మొదలైంది. కుడి పాదంలో, మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య, సాక్సులో గులకరాయి చిక్కుకున్నట్టు. బూటు విప్పి దులపడం, ఏమీ రాలకపోవడం, మళ్ళీ వేసుకోవడం. కొండ దిగేటప్పుడు ఎక్కువ. కొన్నాళ్ళకి అది మంటగా మారింది, ఆ తర్వాత నాలుగో వేలి చివరిదాకా కరెంటు షాకు. వింతేమిటంటే బూటు విప్పేసి వేళ్ళు నలుపుకుంటే రెండు నిమిషాల్లో హాయి. మా గుంపులో పిల్లలు "అక్కా, మళ్ళీ బ్రేకా?" అని ఆటపట్టించేవాళ్ళు.

రోగం పేరు తెలియడానికే చాలాకాలం పట్టింది. యూరిక్ యాసిడ్ చూశారు, మామూలు. విటమిన్ డి తక్కువుందన్నారు, ఈ దేశంలో ఎవరికి ఎక్కువుంది గనక? ఒకచోట ఎక్స్‌రే తీసి "ఎముకలన్నీ బాగున్నాయి, మీకేం లేదు" అని పంపేశారు. ఎక్స్‌రేలో నరం కనబడదు కదా అని అప్పుడు నాకూ తట్టలేదు, ఆయనా చెప్పలేదు. చివరికి ఒక ఎముకల డాక్టరుగారు బల్ల మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో నా పాదాన్ని అటూ ఇటూ నుంచి పిండుతూ రెండో చేతి బొటనవేలితో ఆ రెండు వేళ్ళ మొదలు కింద నొక్కారు. లోపల ఏదో ‘టక్’మని జారింది. నా కేక పక్క గదిలోకి వినబడే ఉంటుంది. "ఇదేనమ్మా" అన్నారాయన, తాపీగా. తర్వాత అల్ట్రాసౌండ్‌లో కూడా కనబడింది.

ఆయన చెప్పింది ఇదీ: వేళ్ళకు వెళ్ళే నరాలు పాదం ముందుభాగంలో పొడుగాటి ఎముకల తలల మధ్య నుంచి, అడ్డంగా బిగించి ఉండే ఒక లిగమెంటు కింద నుంచి పోతాయి. ముందు ఇరుకుగా ఉండే బూటు ఆ ఎముకల్ని దగ్గరికి నొక్కుతుంది. ఎత్తు మడమ ఒంటి బరువుని ముందుకు తోస్తుంది. ఈ రెండింటి మధ్యా నరం నలిగి నలిగి దాని చుట్టూ ఉన్న పొర మందమెక్కుతుంది. పేరు చూసి మా ఆయన ఫోన్‌లో ఏవేవో చదివి హడలిపోయాడు గానీ, ఇది క్యాన్సర్ గడ్డ కాదు. ఆడవాళ్ళలో ఎక్కువట. కారణం మన చెప్పుల దుకాణాల అద్దాల్లోనే కనిపిస్తుంది.

వైద్యంలో మెట్లున్నాయి. ముందు బూటు మార్చడం, మెటాటార్సల్ ప్యాడ్ పెట్టడం. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్. దానికీ లొంగకపోతే ఆపరేషన్ చేసి నరాన్ని తీసేయడం. అప్పుడు ఆ వేళ్ళ మధ్య స్పర్శ పోతుంది. నేను ఇంజెక్షన్ దాకా వెళ్ళాను. మంట బాగా అణిగింది. "ఇది సందు ఇచ్చింది, ఆ సందులో కారణం తీసేయకపోతే మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అన్నారు డాక్టరుగారు.

ప్యాడ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చిన్న కోడిగుడ్డు ఆకారంలో ఉండే మెత్తటి దిండు అది. దాన్ని నొప్పి ఉన్నచోటే పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెడితే నొప్పి రెట్టింపవుతుంది. ఎముకల తలలకు కాస్త వెనక, మడమ వైపు ఉండాలి. అప్పుడు అది ఎముకల్ని విడదీసి నరానికి చోటిస్తుంది. మా ఫిజియో అమ్మాయి నా పాదం కింద నొప్పి చుక్క మీద లిప్‌స్టిక్ పూసింది, బూటులోంచి తీసిన ఇన్‌సోల్ మీద నిలబడమంది. అడుగు తీస్తే ఎర్రటి గుర్తు. "ఈ ఎరుపుకి వెనక అంటించండి మేడమ్, దీని మీద కాదు" అంది. నడిచి చూసి, ఇంకో రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరిపాం. ఆ రెండు మిల్లీమీటర్లకే తేడా తెలిసింది.

ఇక బూట్లు. ఫిజియో నన్ను తెల్లకాగితం మీద నిలబెట్టి పెన్సిలుతో పాదం చుట్టూ గీసింది. ఆ బొమ్మ మీద నా పాత బూటు పెడితే చిటికెనవేలూ, నాలుగో వేలిలో సగం బూటు అంచు దాటి బయటే ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని లోపలికి కుక్కుతూ వచ్చానన్నమాట. మా అమ్మ ఆ కాగితం చూసి, "మా కాలంలో బూట్లూ లేవు, ఈ రోగాలూ లేవు. పాదం పాదంలాగే ఉండేది" అంది. తన వేళ్ళు ఇప్పటికీ విసనకర్ర విప్పినట్టు ఎడంగా ఉంటాయి.

దుకాణాల్లో వెడల్పు కావాలంటే ఒక సైజు పెద్దది తెచ్చి పెడతారు. పొడుగు పెరిగినంత మాత్రాన ముందుభాగం ఆకారం మారదు. దిగుడులో పాదం ముందుకు జారి ఆ మొనలోనే ఇరుక్కుంటుంది. మగవాళ్ళ బూట్లు వేసి చూశాను. అదే పొడుగులో వాళ్ళ బూటు అచ్చు ఆడవాళ్ళ బూటు అచ్చు కంటే కాస్త వెడల్పుగానే ఉంటుంది. మెరుగే గానీ చాలలేదు. ఆ దశలో ఫిజియో చెప్పిన పేర్లే ఆల్ట్రా, టోపో. రెండూ అమెరికా కంపెనీలు, రెండూ బూటు ముందుభాగాన్ని వేళ్ళ ఆకారంలోనే మలుస్తాయి. ఆల్ట్రా ప్రత్యేకత జీరో డ్రాప్. మడమ కింద సోల్ మందం నుంచి వేళ్ళ మొదళ్ళ కింద మందం తీసేస్తే వచ్చేది డ్రాప్. మామూలు రన్నింగ్ షూలలో అది 8 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వాళ్ళ లోన్ పీక్ అనే ట్రయల్ షూలో వెనకా ముందూ ఒకటే, 25 మిల్లీమీటర్లు. చాలామంది జీరో డ్రాప్ అంటే పలుచటి అట్టముక్క లాంటి సోల్ అనుకుంటారు. కాదు, మెత్త ఎంతైనా ఉండొచ్చు, రెండు చివరలా సమానంగా ఉండాలంతే.

పలుచటి రకాలూ ఉన్నాయి, బేర్‌ఫుట్ షూలంటారు. ముందు వెడల్పే, మడమా సమానమే. అయినా నాకు వద్దంది ఫిజియో. వాటి సోల్ బాగా వంగుతుంది. వేళ్ళ దగ్గర వంగిన ప్రతిసారీ ఆ నరం లాక్కుపోతుంది, పైగా కింద రాయి నేరుగా గుచ్చుతుంది. నాకు కావలసింది వెడల్పు, వేళ్ళ మొదళ్ళ కింద మెత్త, మరీ అంతగా వంగని సోల్.

తెప్పించిన బూటుని సాయంత్రం వేసుకు చూశాను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కనక. అడవిలో వేసుకునే మందపాటి సాక్సులతోనే. ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడితే ఏ వేలూ అంచు దాటలేదు. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ. లోపల వేళ్ళు పియానో వాయించొచ్చు.

అక్కడితో అయిపోలేదు, అసలు పని అక్కడే మొదలైంది. పది మిల్లీమీటర్ల మడమకి అలవాటైన పిక్కా, మడమ వెనక నరమూ (ఊళ్ళో మేం నరమే అంటాం, నిజానికి అది అకిలిస్ అనే స్నాయువు) కొంచెం పొట్టిగా, బద్ధకంగా తయారై ఉంటాయి. మడమ కిందికి దిగితే అవి ప్రతి అడుగుకీ ఎక్కువ సాగాలి, ఎక్కువ బరువు లాగాలి. ఫిజియో ముందు గోడ పరీక్ష పెట్టింది. మడమ నేల మీంచి లేవకుండా మోకాలు గోడకు తాకించాలి, వేలికీ గోడకీ మధ్య ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలుస్తారు. పది సెంటీమీటర్ల వరకూ వస్తే బాగున్నట్టు. ఎడమకాలు నెగ్గింది, కుడికాలు బాగా వెనకబడింది. నొప్పి తప్పించుకుంటూ నడిచిన కాలు కదా.

అందుకని బూటు ముందు ఇంట్లోనే. వంటగదిలో గంటసేపు, తర్వాత కూరగాయల మార్కెట్ దాకా, తర్వాత చదును రోడ్డు మీద. అడవికి మాత్రం పాత బూటులోనే ప్యాడ్ పెట్టి, తాళ్ళు వదులు చేసి, చిన్న నడకలు. రోజూ మెట్టు అంచు మీద నిలబడి మడమలు మెల్లగా కిందికి దించే వ్యాయామం. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో అకిలిస్ రోగులకు 12 వారాలపాటు, రోజుకు రెండుసార్లు, పదిహేనేసి చొప్పున మూడు విడతలు చేయించి ఫలితాలు ప్రచురించాడు. నాకు జబ్బు లేదు కనక అందులో సగమే. అయినా మొదట్లో పొద్దున్నే మంచం దిగితే పిక్కలు రాళ్ళే. బ్యాంకులో కౌంటర్ కింద కాళ్ళు చాపి మడమలు తిప్పుతూ కూర్చునేదాన్ని. "పొద్దున నొప్పి నిన్నటికంటే ఎక్కువుంటే ఒకరోజు ఆపండి, అంతే" అని ఫిజియో పెట్టిన రూలు. దానికే కట్టుబడ్డాను.

బూటు నిజంగా పరీక్షకు నిలిచింది తుంబురు తీర్థం దారిలో. ఫాల్గుణ పౌర్ణమికి తిరుమలలో పాపవినాశనం నుంచి జనాన్ని వదులుతారు. తిరుమల కొండల రాయి క్వార్ట్‌జైట్, విరిగితే కత్తి అంచులే. సోల్ లోపల పలుచటి రాక్ ప్లేట్ (రాళ్ళు గుచ్చకుండా అడ్డుపడే పలక) ఉన్న బూటుకీ లేనిదానికీ తేడా ఇక్కడ అడుగడుగునా తెలుస్తుంది. చివర్లో నిట్టనిలువు రాతి గోడల మధ్య సందులోంచి, నీళ్ళలో బండలు దాటుకుంటూ పోవాలి. వాటర్‌ప్రూఫ్ బూటు వేసుకొచ్చిన మా పిల్లాడొకడు నీళ్ళు పైనుంచి నిండాక రోజంతా రెండు బకెట్లు మోశాడు. జాలీ గుడ్డ బూట్లోకి నీళ్ళు వస్తాయి, పది అడుగుల్లో పోతాయి. కానీ జాలీలోంచి తుమ్మముల్లు కూడా వస్తుంది, అదీ చెప్పాలి. నాచు పట్టిన బండ మీద ఏ సోలూ కాపాడదు, చేతికర్రే గతి. వెడల్పు బూటుతో ఇంకో చిక్కు, ఏటవాలు దారిలో మడమ లోపల కదులుతుంది. పై చివర ఉండే అదనపు రంధ్రంలోంచి తాడు మెలికవేసి బిగిస్తే మడమ కుదురుకుంటుంది, వేళ్ళ దగ్గర మాత్రం వదులుగానే ఉంటుంది. ఆ రోజు తిరిగొచ్చేసరికి పిక్కలు పట్టేశాయి. నాలుగో వేలు మాత్రం కిక్కురుమనలేదు.

"ఇంత ఖర్చెందుకు, చెప్పుల్లేకుండా నడిస్తే పోదా?" అని మా పిన్ని అడిగింది. అలిపిరి మెట్లు ఎప్పుడూ ఉత్తికాళ్ళతోనే ఎక్కుతాను, మొక్కు మొక్కే. వేళ్ళు విచ్చుకుంటాయి, షాకులు రావు. ఉత్తికాలు కంటే గొప్ప జీరో డ్రాప్ ఏముంది? కానీ 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం చేరేసరికి గట్టి రాతికి పాదం ముందుభాగమంతా మండిపోతుంది. నరానికి చోటూ కావాలి, మెత్తా కావాలి.

మా బ్రాంచిలో ఒకాయన నా కాళ్ళు చూసి మోడల్ పేరు రాసిచ్చేయమన్నారు. "నొప్పి ఎక్కడ సార్?" అంటే మడమ వెనక చెయ్యి పెట్టి చూపించారు. అకిలిస్ మొరాయిస్తున్నవాళ్ళకి మడమ ఎత్తు పెంచి ఉపశమనం ఇస్తారు గానీ దించరు. రాసివ్వలేదు, ఫిజియో నంబరిచ్చాను. మోకాలి చిప్ప నొప్పివాళ్ళకైతే తక్కువ డ్రాప్ కొంత సుఖమివ్వొచ్చు. ఆ బరువు పోయేదెక్కడికి? చీలమండకీ పిక్కకీ. డ్రాప్ మారిస్తే భారం తగ్గదు, చోటు మారుతుంది. నా పాదానికి ముఖ్యంగా మేలు చేసింది వెడల్పు. మడమ సమానం కావడం సాయపడింది, దానికి పిక్కలతో అద్దె కట్టాను. అమ్మేవాళ్ళు మాత్రం ఆ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు.

పూర్తిగా పోయిందా అంటే, లేదు. పెళ్ళిళ్ళకి ముందు సన్నగా ఉండే చెప్పులేసుకుంటే అక్షింతలు వేసేలోపు నాలుగో వేలు పలకరిస్తుంది. ఇప్పుడు పట్టుచీర కింద కూడా వెడల్పు చెప్పులే, మా చెల్లెలు ఫోటోల్లో పాదాలు రాకుండా చూసుకుంటుంది. మొదటి జత సోల్ పళ్ళు అరిగిపోయాయి, లోపలి మెత్త అణిగిపోయింది, కొత్తది కొనాలి. ఈసారి 5 మిల్లీమీటర్ల డ్రాప్ ఉన్న టోపో చూస్తున్నాను. కొండ దిగి వచ్చిన మర్నాడు కౌంటర్లో నిలబడాల్సినదాన్ని, పిక్కలకీ కాస్త విశ్రాంతి ఉండాలిగా. ఫిజియో ఒప్పుకుంది, "ముందు ఇన్‌సోల్ తీసి నిలబడి చూడండి మేడమ్" అని షరతు పెట్టింది.