కట్టెలా, బొగ్గా: ఇంటిని వెచ్చబరిచే బాయిలర్ ఎంపిక, 6వ వారం వరకు

1వ వారం. మంటతో నీళ్లు కాచి, ఆ నీళ్లను పైపుల్లో తిప్పి ఇంటిని వెచ్చబరిచే బాయిలర్ కోసం ముందు ఇంటి లెక్క. 120 చదరపు మీటర్ల ఇల్లు; లోపల 20 డిగ్రీలు, బయట మైనస్ 5 ఉన్నప్పుడు గోడలు, కిటికీలు, పైకప్పు గుండా పోయే వేడి 9 కిలోవాట్లు. రోజంతా అలాగే ఉంటే 216 యూనిట్లు (ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట వేడి). ఈ అంకె చేతిలో లేకుండా బాయిలర్ రేకు మీద రాసిన కిలోవాట్లు చూసి లాభం లేదు.

2వ వారం. ఇంధనం. 20 శాతం తేమ ఉన్న కట్టెల్లో కిలోకు సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది. అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో సగం బరువు నీళ్లే, కాబట్టి కిలోకు 2 యూనిట్ల చిల్లరే వస్తుంది. మంచి నేలబొగ్గులో 7 నుంచి 8. తేమ మీటర్ ముళ్లను మొద్దు చివర గుచ్చితే అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే చివరలు ముందు ఆరిపోతాయి. మొద్దును నిలువునా చీల్చి, అప్పుడే బయటపడ్డ ముఖం మధ్యలో గుచ్చాలి. 25 దాటితే ఆ కట్టెలు వచ్చే ఏడాదికి.

రెండూ మండుతాయని రాసి ఉన్న బాయిలర్‌లో ఏదో ఒకటే బాగా మండుతుంది. కారణం మంటలోనే ఉంది. ఎండు కట్టె బరువులో 80 శాతం దాకా వాయువుగా మారి పైన మండుతుంది. దానికి పైనుంచి వేడిగాలి, మంట సాగడానికి చోటు, చుట్టూ వేడిని పట్టి ఉంచే ఇటుక కావాలి. బొగ్గు ఎక్కువ భాగం కుప్పలోనే మండుతుంది. దానికి గాలి కిందనుంచి, జాలీ గుండా రావాలి. కట్టె బూడిద పరుపు మీద హాయిగా మండుతుంది, బొగ్గుకి అదే బూడిద ఊపిరాడనివ్వదు. అందుకే ఏది ప్రధానమో ముందే తేల్చుకోవాలి. ఇక్కడ కట్టెలే ప్రధానం, బొగ్గు చలి ముదిరిన రాత్రులకే.

3వ వారం. బాయిలర్లను దగ్గర్నుంచి చూడటం. తలుపు తెరిచి టేపుతో కొలిచినవి: నిప్పుగూడు లోతు (50 సెంటీమీటర్ల మొద్దు అడ్డం తిప్పకుండా పట్టాలి), లోపలి రేకు మందం (5 మిల్లీమీటర్ల కంటే పలచనిది వద్దు), పై గాలికి, కింది గాలికి వేర్వేరు మూతలు. బొగ్గు కోసం జాలీని బయటి నుంచి పిడితో కదిలించగలగాలి. అది లేకపోతే కరిగి గడ్డకట్టిన చిట్టెం జాలీ సందుల్లో ఇరుక్కుంటుంది, నిప్పంతా ఆర్పితే గానీ ఊడి రాదు. పొగ దారులన్నిటికీ బ్రష్ చేరుతుందో లేదో చూడాలి, చేరని మూలలోనే మసి పేరుకుంటుంది. పోత ఇనుము తుప్పుకి బాగా తట్టుకుంటుంది కానీ వేడిగా ఉన్నప్పుడు చల్లనీళ్లు తగిలితే పగులుతుంది. ఉక్కు రేకు పగలదు, వెల్డింగ్‌కి లొంగుతుంది, తుప్పు మాత్రం పడుతుంది. ఎంచుకున్నది ఉక్కుదే: గూడు 100 లీటర్లు, 25 కిలోవాట్లు.

4వ వారం. 9 కిలోవాట్ల ఇంటికి 25 ఎందుకు? 100 లీటర్ల గూడులో కట్టెలు 25 కిలోలు పడతాయి. 78 శాతం సామర్థ్యంతో 78 యూనిట్లు. గాలిని నొక్కకుండా మండిస్తే మూడు గంటల్లో అయిపోతాయి, అంటే గంటకు 26. అందులో 9 ఇంటికి, 17 మిగులు. మూడు గంటలకు 51 యూనిట్లు. 50 డిగ్రీల నీటిని 85కి తేవడానికి వెయ్యి లీటర్లకు 40.7 యూనిట్లు పడుతుంది, కాబట్టి మిగులు వేడిని నీళ్లలో దాచడానికి 1250 లీటర్ల నిల్వ ట్యాంకు. ఆ మిగులు ఆ తర్వాత ఐదున్నర గంటలు ఇంటిని మోస్తుంది. చలి ఎక్కువున్న రోజుకు మూడుసార్లు నింపాలి, 70 కిలోల కట్టెలు.

ట్యాంకు లేకపోతే జరిగేది ఇదీ: నీళ్లు వేడెక్కగానే డ్యాంపర్ (గాలిని నియంత్రించే మూత) మూసుకుంటుంది, మంట చచ్చి కట్టె పొగలుతుంది, ఆ పొగ చల్లని రేకు మీద నల్లని, మెరిసే తారుగా అంటుకుంటుంది. గోకితే రాదు. డబ్బు తక్కువైతే బాయిలర్‌లో తగ్గించుకోండి, ట్యాంకులో వద్దు.

5వ వారం. పైపులు. తిరిగి వచ్చే నీరు 60 డిగ్రీలకు తక్కువైతే పొగలోని తేమ గోడల మీద చెమర్చి, బొగ్గులోని గంధకంతో ఆమ్లంగా మారి రేకును తినేస్తుంది. తిరుగు పైపు మీద 60 డిగ్రీల థర్మోస్టాటిక్ మిశ్రమ వాల్వ్ (తిరిగి వచ్చే నీటిలో వేడినీటిని తనంతట తానే కలిపేది) తప్పనిసరి. మొత్తం నీరు 1500 లీటర్లు. 10 నుంచి 90 డిగ్రీలకు 3.5 శాతం ఉబ్బుతుంది, అంటే 52 లీటర్లు. ఆ ఉబ్బిన నీటిని పట్టేది వ్యాకోచ పాత్ర; 1 బార్ నుంచి 2.5 బార్ ఒత్తిడి మధ్య పనిచేసే పాత్రలో ఉపయోగపడేది 43 శాతమే కనుక కనీసం 121 లీటర్లది కావాలి, 150 తీసుకున్నాం. 3 బార్ సేఫ్టీ వాల్వ్‌కీ బాయిలర్‌కీ మధ్య ఏ కవాటమూ ఉండకూడదు. కరెంటు పోయి పంపు ఆగితే నిప్పు ఆగదు: 95 డిగ్రీల వద్ద తెరుచుకుని చల్లనీటిని లోపలి చుట్టలోంచి పంపే వాల్వ్ అందుకే. ఆ చల్లనీరు కరెంటు మోటారు మీద ఆధారపడితే వాల్వ్ పెట్టినా పెట్టనట్టే.

పొగగొట్టం లోపలి స్టీలు గొట్టం 904ఎల్ రకం. 316 రకం స్టీలు కట్టెలకు సరిపోతుంది, బొగ్గు పొగకి చిల్లులు పడుతుంది.

6వ వారం. మొదటి మంట. తలుపు తాడు (తలుపు అంచున గాలి దూరకుండా ఉండే తాడు) పరీక్ష: కాగితం పట్టీని తాడుకీ చట్రానికీ మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే, నాలుగు వైపులా బిగువుగా ఆగాలి. కింది గడియ వైపు కాగితం జారి వచ్చింది. గడియ కొక్కేన్ని రెండు చుట్లు బిగించాక ఆగింది. కట్టెలతో పొగ వేడి 210 డిగ్రీలు, తిరుగు నీరు 61. బొగ్గు వేసేటప్పుడు నిప్పంతా కప్పకుండా ఒక మూల ఎర్రగా కనబడేలా వదిలాం. పూర్తిగా కప్పితే వాయువు అంటుకోక గూడులో నిండుతుంది, తలుపు తెరవగానే ఒక్కసారిగా భగ్గుమంటుంది. బాయిలర్ గదిలోనూ, పడకగదిలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈ పరీక్షకు ముందే బిగించాం. మసి మందం చూడటానికి పొగ దారి మూత తెరిచేది 8వ వారంలో.