మాకిచ్చింది ఒక్క బటనే

ఆఫీసులో నేను మూసేసిన టికెట్‌ని, అంటే ఒక సమస్యని రాసిపెట్టుకునే ఎంట్రీని, మా టీమ్ లీడ్ మళ్లీ తెరిచి నా పేరు మీదే పడేశాడు. స్విచ్‌లు, అంటే కంప్యూటర్లని నెట్‌వర్క్‌లో కలిపే పెట్టెలు, రీస్టార్ట్ అయ్యాయని వచ్చిన అలర్ట్ అది. కింద రెండు ప్రశ్నలు. స్విచ్ రీస్టార్ట్ అవ్వలేదని నీకెలా తెలుసు? తెలిసినప్పుడు అలర్ట్‌ని అలాగే ఎందుకు వదిలేశావ్? అంతే. అదైనా పర్లేదు, అందరికీ అలాగే రాస్తాడు. పక్క సీట్లో ఉండే పెద్దాయన అది చూసి నవ్వుతూ "మీ ఇండియావాళ్లకి టికెట్లు మూయడం మహా బాగా వచ్చు" అన్నాడు చూడండి, అది గుచ్చుకుంది. ఆయన చెడ్డమనిషి కూడా కాదు, నేను వచ్చిన కొత్తలో రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్ కోసం నా బదులు జర్మన్‌లో ఫోన్ చేసి చాలాసేపు లైన్లో వెయిట్ చేసినాయన. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుందేమో. అప్పటికి నవ్వేసి ఊరుకున్నా గానీ ఇంటికొచ్చాక అన్నం కూడా సరిగ్గా దిగలేదు.

ముందు ఆ అలర్ట్ సంగతి చెప్తా, లేకపోతే నా బాధ అర్థంకాదు. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక కంపెనీకి సర్వర్లు, నెట్‌వర్క్ చూసే టీమ్‌లో పనిచేస్తా. మానిటరింగ్‌కి జాబిక్స్ వాడతాం, లాత్వియాలోని రీగాలో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది, ఫ్రీ. ప్రతి స్విచ్‌నీ నిమిషానికోసారి ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పెట్టెల్ని ప్రశ్నలడిగే భాష) మీద పలకరిస్తుంది, నువ్వు ఆన్ అయి ఎంతసేపైంది అని. స్విచ్ ఆ లెక్కని సెకనులో వందో వంతు చొప్పున చెప్తుంది, ఆ అంకె దాచుకోడానికి దానికున్న చోటు 32 బిట్లు. 497 రోజుల రెండున్నర గంటలకి ఆ చోటు నిండిపోయి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. స్విచ్‌కి ఏమీ కాదు, ట్రాఫిక్ తన పాటికి తను నడుస్తూనే ఉంటుంది, కానీ మానిటరింగ్ మాత్రం "అయ్యో అప్‌టైమ్ పది నిమిషాలే ఉంది, ఇప్పుడే రీస్టార్ట్ అయ్యింది" అని గోల పెడుతుంది. 1988 ప్రాంతంలో రాసుకున్న లెక్క అది, ఒక పెట్టె ఏడాదిన్నర పాటు ఆగకుండా నడుస్తుందని అప్పుడు అనుకుని ఉండరు.

ఆ రోజు ఒక అంతస్తులో స్విచ్‌లన్నీ వరసగా, కొన్ని నిమిషాల తేడాతో రీస్టార్ట్ అలర్ట్ ఇచ్చాయి. కొత్తగా చేరిన జర్మన్ అబ్బాయి కరెంటు పోయిందనుకుని యూపీఎస్ చూడ్డానికి లేచాడు. కరెంటు పోతే అన్నీ ఒకేసారి పోతాయి గానీ రేషన్ షాపు ముందు జనంలాగా క్యూలో నిలబడి పోవు కదా. ఏడాది పైన అయ్యింది, ఒక రాత్రి మెయింటెనెన్స్‌లో ఆ స్విచ్‌లకి ఒకదాని తర్వాత ఒకటి సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసి రీబూట్ చేశారు, ఇప్పుడు అలర్టులూ అదే వరసలో వస్తున్నాయి. లోపలికి లాగిన్ అయి షో వెర్షన్ అనే కమాండ్ కొడితే ఏడాది దాటిన అప్‌టైమే చూపిస్తోంది. సిస్‌లాగ్‌లో, అంటే స్విచ్ రాసుకునే డైరీలో, బూట్ అయిన మెసేజ్ లేదు. అప్‌లింక్ (పై స్విచ్‌కి వెళ్లే లైను) ఒక్కటీ డౌన్ అవ్వలేదు. నిజంగా రీస్టార్ట్ అయితే 162 పోర్టు మీద కోల్డ్ స్టార్ట్ ట్రాప్, అంటే ఇప్పుడే ఆన్ అయ్యానని స్విచ్ తనంతట తను పంపే కబురు, రావాలి, అదీ రాలేదు. ఇవన్నీ చూశాకే "ఫాల్స్ అలర్ట్" అని రాసి టికెట్ మూశా. చూడకుండా మూయలేదు, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నా డయాగ్నసిస్ కరెక్టే అని మా లీడ్ కూడా ఒప్పుకున్నాడు. అతని పేచీ వేరే. ఫాల్స్ అని తెలిశాక ఆ అలర్ట్ ఇంకోసారి రాకుండా చెయ్యకపోతే నువ్వు చేసిన పని సగమే అంటాడు. ఈ మాట మీదే నాకు వారం పాటు నిద్రపట్టలేదు, ఎందుకంటే మాట న్యాయమే, కానీ అది నాకు చెప్పాల్సిన మాట కాదు.

హైదరాబాద్‌లో మాదాపూర్‌లో నేను చేసింది ఎన్ఓసీ ఎల్1, అంటే నెట్‌వర్క్ స్క్రీన్లకి కాపలా కాసే మొదటి వరస పని. అమెరికా క్లయింటు, అన్నీ రాత్రి షిఫ్టులే, పొద్దున్న కంపెనీ క్యాబ్‌లో ముందు సీట్లో సెక్యూరిటీ అంకుల్, వెనక మేం నలుగురం నిద్రపోతూ ఊగుతూ. మానిటరింగ్ టూల్ క్లయింటుది. మాకు అందులో చూసే హక్కు ఉంది, అక్నాలెడ్జ్ (చూశాను అని చెప్పడం) అనే బటన్ ఉంది, ఇంకేమీ లేదు. అలర్ట్ వచ్చిన 15 నిమిషాల్లో అది నొక్కాలి, లేకపోతే ఎస్ఎల్ఏ (ఇంత టైములో చూస్తామని క్లయింటుకిచ్చిన మాట) పోయిందని పొద్దున్నే మేనేజర్‌కి మెయిల్. రోజూ రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు ఒక లింక్ 80 శాతం దాటేది, బ్యాకప్ అయిపోగానే దిగేది. ఫ్లోర్ మీద హౌస్‌కీపింగ్ అక్కకి కూడా తెలుసు ఆ టైముకి ఆ స్క్రీన్ ఎర్రగా అవుతుందని. బ్యాకప్ టైములో ఆ థ్రెషోల్డ్ (అలర్ట్ మోగే హద్దు) పెంచండి అని మేం మెయిల్ పెట్టాం, అక్కడి మా లీడ్ అన్న పెట్టాడు, అవతల నుంచి చేంజ్ బోర్డులో (మార్పులు ఒప్పుకునే కమిటీలో) పెడతాం అన్నారు, తర్వాత ఈ క్వార్టర్‌లో కుదరదన్నారు. ఇక మేం నోట్‌ప్యాడ్‌లో ఒక పేరా రెడీగా పెట్టుకున్నాం, "బ్యాకప్ వల్ల వాడకం పెరిగింది, ఇప్పుడు తగ్గింది, క్లోజ్ చేస్తున్నాం". కాపీ, పేస్ట్, మూసెయ్.

ఇంకో సంగతి ఉంది, పైకి ఎవరూ అనరు. నెలాఖరు రివ్యూలో ఎన్ని అలర్టులు చూశారు, ఎన్ని టికెట్లు మూశారు అనే అంకెలే స్లైడుల్లో ఉండేవి. అలర్టులు సగం అయితే ఇంతమంది ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. మరి గోల తగ్గించాలని ఎవరికి ఉంటుంది చెప్పండి? మాకు టికెట్లు మూయడం వచ్చంటే పుట్టుకతో వచ్చిందా, బటన్ ఒక్కటే ఇచ్చి వంద సార్లు నొక్కించుకుంటే ఎవరికైనా అదే వస్తుంది, ఈ పెద్దాయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినా ఆర్నెల్లకి నోట్‌ప్యాడ్ తెరుస్తాడు.

అయితే ఇక్కడి మా లీడ్ పద్ధతి చూసి కుళ్లుకున్న మాట మాత్రం నిజం. ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి ఆఫీసు ఖాళీ అయిపోతుంది, జనం లాప్‌టాప్‌లు మూసుకుని వెళ్లిపోతుంటే స్విచ్‌లో అవి తగిలించిన ఒక్కో పోర్టూ డౌన్ అయి గోడ మీది స్క్రీన్ మొత్తం ఎర్రబడేదట. అతను కూర్చుని పోర్ట్ డిస్క్రిప్షన్‌లో అప్‌లింక్ అనో సర్వర్ అనో ఉంటేనే అలర్ట్ రావాలి, మనుషుల డెస్కుల పోర్టులకి వద్దు అని రూల్ రాశాడు. పెద్ద స్విచ్ పోతే దాని వెనకున్న చిన్న స్విచ్‌లూ వైఫై యాక్సెస్ పాయింట్లూ అన్నీ విడివిడిగా అరవకుండా డిపెండెన్సీలు పెట్టాడు, ఒక్క అలర్టే వస్తుంది. ట్రాఫిక్ లెక్కల్లోనూ అదే 32 బిట్ల జబ్బు ఉంటుంది, 1 గిగాబిట్ లింక్ నిండుగా నడిస్తే 34 సెకన్లకే కౌంటర్ తిరిగొస్తుంది, నిమిషానికోసారి అడిగేవాడికి మధ్యలో ఏం జరిగిందో తెలీదు, అందుకని అన్నిటికీ 64 బిట్ల కౌంటర్లు పెట్టించాడు. ఫలితంగా ఇక్కడ అలర్ట్ మోగితే నిజంగా ఏదో అయినట్టే. మాదాపూర్‌లో ఒక బ్రాంచి లింక్ పోతే రౌటర్‌కొకటి, స్విచ్‌లకి తలా ఒకటి, ఆఖరికి ప్రింటర్‌కి కూడా టికెట్ వచ్చేది, అన్నీ 15 నిమిషాల్లో విడివిడిగా నొక్కాలి, ఆ పూట తెరిచిన టిఫిన్ బాక్సు తెరిచినట్టే ఉండేది. నాన్నా పులి అని అన్నిసార్లు విన్నాక నిజం పులి ఏదో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇంత పొగిడాక ఇది కూడా చెప్పాలి. ఇంత పట్టుదల మనిషి సాయంత్రం నాలుగు కాగానే హెల్మెట్ పెట్టుకుని సైకిలెక్కేస్తాడు. స్క్రీన్ మీద ఎర్రది అలాగే ఉంటుంది. యూజర్లకి ఇబ్బంది లేదు కదా, రేపు చూద్దాం. పైగా ఇక్కడ చట్టం, ఒక రోజు పని ముగిశాక మళ్లీ పని మొదలవ్వాలంటే మధ్యలో 11 గంటల విశ్రాంతి ఉండాలి, ఆన్‌కాల్‌లో లేని మనిషి రాత్రి లాగిన్ అయితే మెచ్చుకోరు, ఎందుకయ్యావని అడుగుతారు. మంచిదే, కాదనను. కానీ ఎర్రగా ఉన్నదాన్ని అలా వదిలేసి ఇంటికి పోవడం నా ఒంటికి ఇంకా పట్టలేదు, మేం అక్కడ షిఫ్ట్ అయిపోయినా, క్యాబ్ డ్రైవర్ అన్న కింద హారన్ కొడుతున్నా, హ్యాండోవర్ మెయిల్‌లో ప్రతి అలర్ట్ గురించి లైను రాసి కదిలేవాళ్లం. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరే. వెలుతురుండగానే ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేస్తే "గింత జల్ది వచ్చినవేంది బిడ్డా, నౌకరీ ఉన్నదా?" అని హన్మకొండ నుంచి ఆమె భయం ఆమెది.

పైగా అక్కడ రాత్రి మూడింటికి పెద్ద అవుటేజ్ వస్తే పది కుర్చీలు ఒకేసారి తిరిగేవి, ఒకరు అందరూ కలిసే బ్రిడ్జి కాల్‌లో, ఒకరు సర్వీస్ ప్రొవైడర్‌తో ఇంకో ఫోన్లో, అయిపోయాక అందరం కలిసి కిందికెళ్లి చాయ్. ఇక్కడ అవుటేజ్ కూడా నిశ్శబ్దంగా ఉంటుంది, చాట్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఎవరి కాఫీ వాళ్లు తెచ్చుకుంటారు.

సరే టికెట్ సంగతి. స్విచ్‌లో ఇంకో లెక్క ఉంటుంది, ఎస్ఎన్ఎంపీ ఇంజిన్ టైమ్ అని, అది సెకన్లలో లెక్కపెడుతుంది కాబట్టి నిండడానికి 68 ఏళ్లు పడుతుంది. అది ఇచ్చే మోడళ్లన్నిటికీ ట్రిగ్గర్‌ని (అలర్ట్ మోగించే షరతుని) దాని మీదికి మార్చా. ఇవ్వని పాతవాటికి, అంతకుముందు వచ్చిన విలువ 497 రోజులకి దగ్గర్లో ఉంటే రీస్టార్ట్ అనుకోవద్దు అని షరతు పెట్టా. ఇక్కడ ఒకరు చేసిన మార్పుని ఇంకొకరు చూసి ఓకే చెయ్యాలి, నా ఖర్మకొద్దీ అది పెద్దాయన దగ్గరికే వెళ్లింది. శ్రద్ధగా చదివాడు, స్విచ్ నిజంగానే సరిగ్గా 497వ రోజున రీస్టార్ట్ అయితే ఎలా అని అడిగాడు, దానికి కోల్డ్ స్టార్ట్ ట్రాప్ ఉంది కదా అన్నా, ఓకే చేశాడు. అప్పుడు చెప్పా ఆయనకి, మాకక్కడ ఇచ్చింది ఒక్క బటన్ అని. కాసేపు ఆలోచించి "మరి మీ మేనేజర్‌ని అడగాల్సింది" అన్నాడు. ఏం చెప్తాం.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. మా కంపెనీకి రాత్రిపూట స్క్రీన్లు చూసేది ఎవరనుకున్నారు, హైదరాబాద్‌లో ఒక వెండర్ టీమే. జాబిక్స్‌లో వాళ్లకి చదివే హక్కు, అక్నాలెడ్జ్ చేసే హక్కు, అంతే. అందులో ఒక తమ్ముడు నాకు విడిగా చాట్‌లో "అక్కా, ఆ స్టోర్ రూమ్ యాక్సెస్ పాయింట్ రోజూ మూడింటికి పోయి వస్తుంది, టైమర్ మీద కరెంటు కట్ చేస్తున్నారేమో అడగండి ప్లీజ్" అని పెడతాడు. కారణం కనిపెట్టాడు చూడండి, కానీ టికెట్‌లో మాత్రం అదే పేరా, "అలర్ట్ క్లియర్ అయ్యింది, క్లోజ్ చేస్తున్నాం". ఎందుకలా అంటే, టికెట్‌లో రాస్తే అది తేలేదాకా వాళ్ల పేరు మీదే ఓపెన్‌గా ఉండిపోతుందక్కా, ఎస్ఎల్ఏ అంటాడు.

సోమవారం మీటింగ్‌లో మా లీడ్ నైట్ టీమ్ టికెట్లు స్క్రీన్ మీద పెట్టి విసుక్కుంటుంటే ఈసారి నేను ఊరుకోలేదు. వాళ్లకి మెయింటెనెన్స్ మోడ్ (కాసేపు అలర్టులు ఆపడం) పెట్టే హక్కివ్వండి, థ్రెషోల్డ్ మార్పు రాసే హక్కివ్వండి, ఓకే చేసేది ఎలాగూ మనమే కదా అన్నా. బయటి కాంట్రాక్టర్లకి రైట్ యాక్సెస్ (మార్చే హక్కు) ఇవ్వకూడదని సెక్యూరిటీ వాళ్ల పాలసీ అన్నాడు. మరి కారణం తెలిసీ మార్చే దారి లేనివాడు టికెట్ మూయక ఏం చేస్తాడు అని అడిగా. జవాబు చెప్పలేదు గానీ రాసుకున్నాడు, రాసుకుంటే చేస్తాడు, అది మాత్రం అతని దగ్గర గ్యారంటీ.

మెయింటెనెన్స్ మోడ్ హక్కు వచ్చింది. విసిగించే అలర్టుల లిస్టు వారానికోసారి నైట్ టీమ్ పంపితే ఇక్కడ మాలో ఒకరం మార్చాలని ఒప్పుకున్నారు, మొదటి లిస్టులో పైన ఉన్నది స్టోర్ రూమ్ యాక్సెస్ పాయింటే, అది నిజంగానే టైమర్. థ్రెషోల్డ్ హక్కు ఇంకా సెక్యూరిటీ వాళ్ల దగ్గరుంది, కారణాలు రాసివ్వమన్నారు, ఫారం పదకొండు పేజీలు, అదీ జర్మన్‌లో. పెద్దాయన్ని సాయం అడిగా, శుక్రవారం కూర్చుందాం, మూడు లోపల అయిపోవాలి అన్నాడు.