న్యాయం అడిగాను, స్తుతి మానలేదు

మా ఆయన 2023 జనవరిలో చనిపోయారు. తెల్లవారుజామున పొగమంచులో సైకిల్ మీద కొబ్బరి దింపుకు వెళ్తుంటే కాలువ గట్టు రోడ్డు మీద వెనకనుంచి వ్యాను గుద్దింది. ఆ ఉదయం గురించి ఇంతకంటే రాయలేను. రాయాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. రాజోలు వైపు ఒక లంక ఊరు మాది. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఇద్దరు పిల్లల్నీ అత్తమ్మనీ పెట్టుకుని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేసి, 2025లో లోక్ అదాలత్‌లో అది పరిష్కారమయ్యేదాకా దేవుడు నన్ను ఎలా నడిపించాడో చెప్పుకోవాలని ఉంది. నాలాంటి పరిస్థితిలో ఉన్న అక్కచెల్లెళ్లకు పనికొస్తాయని కాగితాల సంగతులు కూడా రాస్తున్నాను.

ఆయన పోయాక మమ్మల్ని ఓదార్చడానికి ఇంట్లో పెట్టిన ప్రార్థనకు, అదే ఆదరణ కూడికకు, వచ్చినవాళ్లలో చాలామంది ఒకటే మాట అన్నారు. "దేవుడికి అప్పగించెయ్యమ్మా. విశ్వాసులం కోర్టుకెక్కితే ఏం బావుంటుంది?" నా మీద ప్రేమతోనే అన్నారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం తీసి చూపించినవాళ్లూ ఉన్నారు. అప్పటికి నాకు ఏ ఆలోచనా లేదు. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో కూడా అత్తమ్మే చూసుకునేది.

ఒక మధ్యాహ్నం మా పాస్టరమ్మగారు వచ్చి చాప మీద నా పక్కన కూర్చున్నారు. లూకా సువార్త 18వ అధ్యాయం చదివారు. అందులో న్యాయం చెయ్యని న్యాయాధిపతి దగ్గరికి ఒక విధవరాలు మాటిమాటికీ వెళ్తుంది. యేసు ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు, విసుగక ప్రార్థించడం ఎలాగో చెప్పడానికి ఆమెనే చూపించాడు. పౌలు కూడా అన్యాయం జరిగినప్పుడు కైసరు ఎదుటే చెప్పుకుంటానన్నాడు కదా అన్నారు. "నువ్వు పగ తీర్చుకోవడానికి వెళ్లడం లేదు. నీ పిల్లలకు రావలసింది అడగడానికి వెళ్తున్నావు. తండ్రి లేనివారికి తండ్రి, విధవరాండ్రకు న్యాయకర్త అని కీర్తన 68లో రాసి ఉన్న దేవుడు నిన్ను అడగొద్దంటాడా?" అన్నారు. ఆ మాటతో లేచాను.

మేము లేవకముందే మధ్యవర్తులు లేచారు. బండి ఓనరు తరఫున అంటూ ఒకాయన కొంత డబ్బు చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద సంతకం చేస్తే చాలన్నాడు. ఇంకొకాయన అన్నీ తనే చూసుకుంటానని, వచ్చినదాంట్లో మూడో వంతు తనకివ్వాలని అన్నాడు. అత్తమ్మ ఇద్దర్నీ గుమ్మం దగ్గర నుంచే పంపేసింది. అమలాపురం కోర్టు ఆవరణలో న్యాయ సేవా కమిటీ ఉంటుందని, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని మా మరిదికి ఎవరో చెప్పారు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఆ హక్కు ఉందట. అప్లికేషను రాసిచ్చాను. నాకు ఇచ్చిన లాయరుగారు ఒక చిన్న వయసు అమ్మాయి. ఆమె నన్ను అక్కా అని పిలిచేది. మొదటి రోజే కాగితాల జాబితా రాసిచ్చింది: ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఛార్జిషీటు, బండిని తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు రిపోర్టు, వ్యాను ఆర్సీ, ఇన్సూరెన్సు, డ్రైవరు లైసెన్సు కాపీలు, మా వైపు నుంచి డెత్ సర్టిఫికెట్, తహశీల్దారు ఆఫీసులో ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆధార్‌లు, రేషన్ కార్డు.

ఈ తిరుగుళ్ల గురించి వివరంగా రాసేందుకు ఏమీ లేదు. ఎండ, బస్సు, రేపు రమ్మనడం. కానీ మా ఇంట్లో ఒక అలవాటు మొదలైంది. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ రోజు దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరం ఒక్కటి చెప్పాలి. అత్తమ్మ పెట్టిన నియమం అది. మొదట్లో నా నోట మాట వచ్చేది కాదు. మా ఆయన చావు కోసం నేను దేవునికి వందనాలు చెప్పలేదు, చెప్పను కూడా. మా పాస్టరు అయ్యగారు కూడా ఎన్నడూ అలా చెప్పమనలేదు. లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువే కన్నీళ్లు పెట్టుకున్నాడు. అయితే ఒక రాత్రి మా అబ్బాయి, "జిరాక్స్ షాపు మావయ్య డబ్బులు తీసుకోలేదు, అందుకు వందనాలు ప్రభువా" అన్నాడు. మర్నాటి నుంచి నేనూ చెప్పడం మొదలుపెట్టాను. బస్సులో సీటిచ్చినవాళ్లు, ఫారం నింపి పెట్టిన సచివాలయం అమ్మాయి, స్త్రీల సమాజం వాళ్లు గుప్పెడు బియ్యం కానుకలోంచి మా ఇంటికి పంపిన మూట. వెతికితే ప్రతి రోజులోనూ ఏదో ఒకటి దొరికేది. దుఃఖం తగ్గలేదు. కానీ దేవుడు మమ్మల్ని వదిలెయ్యలేదని నా పిల్లలకు చూపించడానికి నా దగ్గర ఆధారాలు ఉండేవి.

కేసులో కష్టమైనది ఆదాయం నిరూపించడం. దింపు కార్మికుడికి జీతం చీటీ ఎక్కడిది? చెట్టుకింత అని కూలి, చేతిలో పెడతారు, అయిపోతుంది. మా ఆయన ఎక్కువగా దింపుకు వెళ్లే తోట రైతుగారు ఒకాయన ఉన్నారు. ఏ దింపుకు ఎన్ని చెట్లు, ఎవరికి ఎంత ఇచ్చారు అని ఏళ్ల తరబడి నోటుబుక్కుల్లో రాసుకుంటారు. ఆ పుస్తకాలు సంచిలో పెట్టుకుని సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వచ్చారు. ఇన్సూరెన్సు కంపెనీ లాయరు ఎన్ని రకాలుగా అడిగినా, "నేను రాసుకున్నదే చెబుతున్నానండి" అన్నారు. ఆయన మా సంఘస్థుడు కాదు. ఏటా అంతర్వేది తీర్థానికి తప్పకుండా వెళ్లే మనిషి. దేవుని మంచితనం మా ప్రార్థన మందిరం గోడల మధ్యే ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు, ఆ రోజు మాత్రం కళ్లారా చూశాను.

పరిహారం ఎలా లెక్కగడతారో లాయరమ్మ నాకు కాగితం మీద వేసి చూపించింది. 2009లోనూ 2017లోనూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ప్రకారం దానికి ఒక పద్ధతి ఉంది. నెలకు 12,000 సంపాదన అనుకుందాం. సొంత పని చేసుకునే మనిషి వయసు నలభైకి యాభైకి మధ్య ఉంటే, ముందు ముందు పెరిగే సంపాదన కింద 25 శాతం కలుపుతారు, 15,000 అవుతుంది. నేను, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, నలుగురం ఆధారపడ్డాం కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 11,250. ఏడాదికి 1,35,000. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు. 41 నుంచి 45 ఏళ్ల మధ్య అయితే 14, 46 నుంచి 50 అయితే 13. అంటే 14తో 18,90,000. అంత్యక్రియల ఖర్చు లాంటివి దీనికి అదనం. మనిషి విలువ ఇదా అని నాకు ఆ కాగితం చూసి ఏడుపొచ్చింది. "కాదక్కా, ఆయన విలువ ఏ కోర్టూ కట్టలేదు. ఆయన బతికుంటే మీకు పెట్టే అన్నం మాత్రమే ఇది" అంది ఆ అమ్మాయి.

కంపెనీ వాళ్లు రెండు అభ్యంతరాలు పెట్టారు. ఆధార్‌లో మా ఆయన వయసు 46 అని పడింది కాబట్టి 14 కాదు 13 అన్నారు. నిజానికి ఆయనకు 42. ఆధార్ తీసినప్పుడు ఎవరో అంచనాగా వేసిన ఏడాది అది. ఇక రెండోది నన్ను బాగా భయపెట్టింది. డ్రైవరుకు ఉన్నది లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు, నడిపింది సరుకు రవాణా వ్యాను, లైసెన్సు చెల్లదు, మా బాధ్యత లేదు అన్నారు. ఆ వాదన నెగ్గితే ఇదంతా ఎటు పోతుందోనని ఆ నెలల్లో పడిన టెన్షన్ చెప్పలేను. ప్రార్థనలో మాటలు రాక 'ప్రభువా' అని మాత్రం అని ఊరుకున్న రాత్రులు ఉన్నాయి.

వయసు రుజువు చెయ్యడానికి ఆయన చదువుకున్న ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. ఇంట్లో ఉన్న సర్టిఫికెట్లు 2022 జూలై వరదలో ముద్దయిపోయాయి. అప్పుడు ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, మా లంకలు మునిగాయి. స్కూల్లోకీ నీళ్లు వచ్చాయి. అయితే పాత అడ్మిషన్ రిజిస్టర్లను ఎవరో టీచరు ముందే అటక మీదికి ఎక్కించారట. దుమ్ము దులిపి తీస్తే మా ఆయన పేరు, పుట్టిన తేదీ, మా మామగారి వేలిముద్ర ఉన్నాయి. హెడ్‌మాస్టరుగారు సర్టిఫికెట్ రాసిచ్చారు.

ఇక 2024 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులోనే తీర్పు ఇచ్చింది: ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదు, స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే తీసుకోవాలి అని. రెండు వారాలు తిరగకుండా, నవంబరు 6న, అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో తీర్పు ఇచ్చింది: లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోలకు లోపు బరువుండే రవాణా వాహనం నడపొచ్చు, అందుకు వేరే అనుమతి అక్కర్లేదు అని. మా ఆయన్ని గుద్దిన వ్యాను ఆ బరువుకు లోపే. లాయరమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను కొబ్బరి పీచు ఎండబెడుతున్నాను. అక్కడే కూలబడిపోయాను.

ఢిల్లీలో ఉన్న ఆ న్యాయమూర్తులకు నేనెవరో తెలియదు. అవి వేరేవాళ్ల కేసులు. ఆధార్ తీర్పు వచ్చింది నాలాగే మనిషిని పోగొట్టుకున్న ఒక కుటుంబం కేసులో. వాళ్లు మధ్యలో వదిలెయ్యకుండా పైకోర్టు దాకా నిలబడబట్టే నా దగ్గరికి ఆ న్యాయం వచ్చింది. ఆ రాత్రి మేం నలుగురం ముఖం తెలియని ఆ ఇంటివాళ్ల కోసం ప్రార్థన చేశాం. దీన్ని అద్భుతం అనొచ్చో లేదో మా అయ్యగారిని అడగలేదు. బాధింపబడినవారికి న్యాయం తీర్చే దేవుడు అని కీర్తన 103లో చిన్నప్పటి నుంచి చదువుతున్నాను. ఆ పని ఆయన ఎంతమంది చేతుల మీదుగా, ఎంత దూరం నుంచి చేస్తాడో నాకు అప్పుడు తెలిసింది.

కనికరం సంగతి చెప్పాలి. అది నాకన్నా ముందు అత్తమ్మకే వచ్చింది. డ్రైవరు ఇరవై రెండేళ్ల కుర్రాడు. మొదటి ఏడాది వేసవిలో వాళ్లమ్మ మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడి ఏడ్చింది. నేను లోపలి గదిలోంచి బయటికి రాలేకపోయాను. అత్తమ్మ చెంబుతో మంచినీళ్లు ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. "నా బిడ్డ పోయాడు. నీ బిడ్డ ఉన్నాడు గదమ్మా. వాడికి నిదానం నేర్పు" అంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి నోట ఆ మాట ఎలా వచ్చిందో! సిలువ మీద నుంచి తండ్రీ వీరిని క్షమించుమన్న ప్రభువు తప్ప దానికి వేరే కారణం నాకు తెలియదు. నాకు చాలాకాలం పట్టింది. ఆ కుర్రాడి పేరు ప్రార్థనలో పలకడానికే నెలలు పట్టింది.

అయితే మేం పరిహారం అడిగితే ఆ పేద ఇంటి మీద పడుతుందేమో అని కూడా నాకు బెంగ ఉండేది. ఇన్సూరెన్సు, లైసెన్సు సక్రమంగా ఉంటే ఆ డబ్బు కట్టాల్సింది కంపెనీయే, డ్రైవరు కాదు అని లాయరమ్మ విడమర్చి చెప్పింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రతి బండికీ తప్పనిసరి చేసింది ఇందుకేనట. అప్పటి నుంచి న్యాయం అడుగుతూనే ఆ తల్లి కోసం ప్రార్థన చెయ్యడానికి నాకు ఏ అడ్డూ కనపడలేదు.

2025లో జాతీయ లోక్ అదాలత్ రోజున కంపెనీ వాళ్లు రాజీకి వచ్చారు. మేం లెక్క వేసుకున్నదానికంటే కొంత తక్కువ. ట్రిబ్యునల్ తీర్పు దాకా ఆగితే ఎక్కువ రావచ్చు, కానీ కంపెనీ హైకోర్టుకు అప్పీలు వెళ్తే మళ్లీ ఏళ్లు. లోక్ అదాలత్ అవార్డుకు అప్పీలు లేదు, అదే చివరిది. పక్క వరండాలో అత్తమ్మతో కలిసి ప్రార్థన చేసుకుని ఒప్పుకున్నాను. పిల్లల వాటాలు వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించారు. అత్తమ్మ వాటా అత్తమ్మ పేరునే. నా వాటాలో చేబదుళ్లన్నీ తీర్చాను.

ఆ ఏడాది పంటల పండుగకు సంఘమంతా వరి కంకులు, అరటి గెలలు, కోళ్లు తెచ్చారు. మేం కొబ్బరి గెలలు తీసుకెళ్లాం, డబ్బులోంచి మా కృతజ్ఞతార్పణ కూడా పెట్టాం. సాక్ష్యం చెప్పమంటే లేచి, జిరాక్స్ షాపు అతని దగ్గర్నుంచి తోట రైతుగారి దాకా ఒక్కొక్కరినీ తలుచుకుని దేవునికి వందనాలు చెప్పాను. మొదట్లో నన్ను కోర్టు వద్దన్న పెద్దావిడ కూటం అయ్యాక వచ్చి నా చేయి పట్టుకుని, తన మనవరాలి భరణం కేసుకు ఆ లాయరమ్మ ఫోన్ నంబరు ఇప్పించమని అడిగింది.

ఆ కుర్రాడి మీద క్రిమినల్ కేసు ఇంకా నడుస్తోంది. అది ప్రభుత్వం పెట్టిన కేసు, దాని తీర్పు నా చేతిలో లేదు. నన్ను పిలిస్తే ఉన్నది ఉన్నట్టు చెబుతాను, పగ లేదని కూడా చెబుతాను. మిగతా లెక్క తప్పకుండా తీర్చేవాడు పైన ఉన్నాడు, ఆయన మా ఆయననూ ఎరుగును, ఆ కుర్రాడినీ ఎరుగును.

ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్లు గడువు విషయంలో జాగ్రత్తగా ఉండండి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వెయ్యాలి. మీరు ఉంటున్న చోటు ట్రిబ్యునల్‌లోనే వెయ్యొచ్చు, ప్రమాదం జరిగిన ఊరికి తిరగక్కర్లేదు. న్యాయ సేవా సంస్థల ఫోన్ నంబరు 15100. ఆదరణ కూడికల రోజుల్లోనే ఎవరో ఒకరు కాగితం పట్టుకొస్తారు, దాని మీద సంతకం పెట్టకుండా ముందు ఆ నంబరుకు ఫోన్ చెయ్యండి.