గుమ్మడికాయ కొట్టిన రోజు

ఉదయం ఏడింటికే కాల్‌షీట్. మణికొండలో మేము షూటింగ్ చేసే అద్దె బంగళా ముందు బండి ఆపగానే ప్రొడక్షన్ కుర్రాడు చక్కెర లేని టీ తెచ్చి చేతికిచ్చాడు. ఆరేళ్లలో ఒక్కసారీ నేను అడగలేదు, అతను మరచిపోలేదు.

ఈ రోజుతో మా సీరియల్ అయిపోయింది. పదిహేడు వందల పైచిలుకు ఎపిసోడ్లు. రాత్రి ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుకు, అక్కడి నుంచి మధ్యాహ్నానికి జరిపినప్పుడే మాకు అర్థమైపోయింది. గురువారం టీఆర్పీలు వచ్చాక మేనేజర్ ముఖం చూస్తే ఇక అంకె అడగనక్కర్లేదు. (రెండు నెలల బత్తా ఇంకా రావాలి. ఆ సంగతి అడిగితే మాత్రం ఆ ముఖంలో ఏమీ కనిపించదు.)

నేను చేసేది కంటిన్యుటీ. నాలుగైదు ఎపిసోడ్ల హాలు సీన్లన్నీ కలిపి ఒకే రోజు తీసేస్తాం. గుమ్మం దాటి వంటగదిలో అడుగుపెట్టే సీను మరో వారం. హాల్లో ఆరు గాజులున్న కోడలు వంటగదిలో ఐదింటితో తేలితే తిట్లు నాకు. కథలో ఒకసారి శివరాత్రి జాగారం మూడు వారాలు సాగింది. ఆ షెడ్యూలంతా అదే మామిడిపండు రంగు చీర, కొంగున అదే పసుపు మరక. ఉతకడానికి వీల్లేదు. మరక వెలిసిపోతుంటే పసుపు తడిపి నేనే వేలితో అద్దాను. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయి జూన్‌లో మళ్ళీ మొదలైనప్పుడు పెద్దవయసు నటుణ్ణి పిలవడానికి భయపడి, కథలో తాతగారిని కాశీకి పంపేశాం. ఆయన తిరిగి రావడానికి ఏడాది పట్టింది. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతికి ఏ ఉంగరం ఉండాలో నా ఫోనులో వెతికితే దొరికింది.

చివరి సీనులో అత్తగారు మారిపోయారు, అందరూ నవ్వారు. దర్శకుడు 'కట్' అన్నారు. నేను అలవాటుగా ఫోను తీసుకుని కోడలి దగ్గరకు వెళ్లాను. బొట్టు, గాజులు, గొలుసు, జడలో పూలు, ఒక్కొక్కటీ ఫొటో తీస్తుంటే కాస్ట్యూమర్ నవ్వాడు.

"ఇంకెందుకక్కా?"

నిజమే, దీనికి కలపాల్సిన సీను ఇక లేదు. అయినా పాదాలు కూడా తీశాను.

వాకిట్లో బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీసి, సీనియర్ లైట్‌మ్యాన్ నేలకేసి కొట్టాడు. కుంకుమ కలిసిన ముక్క ఒకటి ఎగిరొచ్చి నా చెప్పుకు అంటుకుంది. లైట్‌మెన్ అంతా రేపు మరో సీరియల్‌కు వెళ్తున్నారు. వాళ్లకు వీడ్కోళ్లు చెప్పుకునే తీరిక లేదు, స్టాండ్లు వ్యానులోకి ఎక్కించాలి.

కోడలు వేషం వేసింది బెంగళూరు అమ్మాయి. మొదటి ఏడాది నేను కెమెరా పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్తే, ముక్కలు ముక్కలుగా పట్టుకుని పలికేది. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కదా, తర్వాత సీన్ పేపరు తనే చదువుకునేది. అయినా టీవీలో వినిపించేది డబ్బింగ్ చెప్పే ఆవిడ తీయని గొంతే. ఈ పిల్లది కాస్త బొంగురు గొంతు. ఈ రోజు కుర్చీ మీద ఎక్కి, ప్రాంప్టింగ్ లేకుండా మాట్లాడింది. "కన్నడంలో హాలు అంటే పాలండి. మొదట్లో మీరు 'హాలు సీను' అంటే గ్లాసు ఎక్కడుందో వెతుక్కునేదాన్ని" అంటే అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. ఆరేళ్ల అలవాటు, నా వైపు చూసింది. అందించడానికి నా దగ్గరా మాట లేదు.

ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. తీసి పెట్టిన ఎపిసోడ్లు ఇంకో రెండు వారాలు వస్తాయి కాబట్టి మా అమ్మకు సీరియల్ ఇంకా అవలేదు. మధ్యాహ్నం కునుకు పట్టి చూడలేకపోయిన భాగం ఫోనులో పెట్టుకుని కూర్చుంది. అంతలో నాకు ఫోను. కాచిగూడ స్టేషన్ నుంచి ఆ అమ్మాయి. రైలు ఎక్కానక్కా, ఊరికే చేశాను, అంది. స్పీకరు ఆన్‌లో ఉంది.

"ఎవరే, గొంతు అంత బొంగురుగా ఉంది? జలుబు చేసిందా పాపం?" అంది అమ్మ, తన ఫోనులోని కోడలి మీద నుంచి చూపు తిప్పకుండానే.