యూజ్ కేస్ మారింది, టెస్ట్ కేస్‌కి కబురందలేదు

రిలీజ్‌కి రెండు రోజుల ముందు మా టెస్టర్ అమ్మాయి వచ్చి, "అన్నా, పెండింగ్‌లో ఉన్న బిల్లుకి మళ్లీ 'కట్టండి' బటన్ ఎందుకు వస్తోంది?" అంది. యూజ్ కేస్ (వాడేవాళ్లు సాఫ్ట్‌వేర్‌తో ఒక పని ఎలా చేస్తారో అడుగు అడుగుగా రాసేది) చదువు, అందులో రాశాను కదా అన్నాను కాస్త విసుగ్గానే. "చదివాకే అడుగుతున్నా అన్నా, వస్తుందనే ఉంది అందులో."

తను చదివింది పాతది. తప్పు నాది.

మేం వాడేది స్పార్క్స్ వాళ్ల ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్, సాఫ్ట్‌వేర్ డిజైన్‌ని బొమ్మలుగా గీసే టూల్. అందులో 'కరెంటు బిల్లు కట్టడం' అని ఒక యూజ్ కేస్ ఉంది, దానికి అన్నీ సవ్యంగా జరిగే బేసిక్ పాత్ ఒకటి, ఎక్సెప్షన్లు కొన్ని. వాటిలో ముఖ్యమైంది యూపీఐలో డబ్బులు కట్ అయి మనకి మాత్రం జవాబు రాకపోవడం. కొత్త రిలీజ్‌లో ఆ రూల్ మారింది, జవాబు తేలేదాకా రెండోసారి కట్టనివ్వకూడదు. నేనేం చేశానంటే పాత డయాగ్రమ్‌లోది కాపీ చేసి కొత్త ప్యాకేజీలో పేస్ట్ చేశాను, లింక్‌గా (అంటే ఆ పాతదే ఇక్కడా కనిపించేలా) పెట్టాలా కొత్త ఎలిమెంట్‌గా (విడి నకలుగా) పెట్టాలా అని టూల్ అడిగితే ఆలోచించకుండా కొత్తది అన్నాను. యూజ్ కేస్‌ని గీసేది కోడిగుడ్డు ఆకారంలో, కాబట్టి చూడ్డానికి అదే కోడిగుడ్డు బొమ్మ, అదే పేరు. కానీ టూల్‌కి పేరుతో పనిలేదు, ప్రతి ఎలిమెంట్‌కీ ఒక జీయూఐడీ (ఇంకోదానికి రాని గుర్తింపు నంబర్) ఇస్తుంది, దాన్నే గుర్తుపడుతుంది. కొత్త రూల్ కొత్త గుడ్డులో, టెస్ట్ కేసులన్నీ, అంటే రాసినట్టే పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలన్నీ, పాత గుడ్డుకి! పాత రూల్ ప్రకారం అన్నీ పాసే.

ఇంకో గొడవ, టెస్ట్ కేసులు ఎక్కడ పెట్టాలన్నది. సినారియోలు (ఆ బేసిక్ పాత్, ఎక్సెప్షన్లు) అడుగు అడుగుగా రాస్తే టూలే వాటి నుంచి టెస్టులు తయారుచేసి ఇస్తుంది, ఇంటర్నల్ అంటే యూజ్ కేస్ లోపలే టెస్టింగ్ విండోలో కూర్చుంటాయి, ఎక్స్‌టర్నల్ అంటే విడిగా టెస్ట్ కేస్ ఎలిమెంట్ పుట్టి యూజ్ కేస్‌కి లింక్ అవుతుంది. లోపల పెట్టడం సులువే, నేనూ చాలాకాలం అదే చేశాను. కానీ ఒకే టెస్టు రెండు యూజ్ కేసులకి పనికొచ్చినప్పుడు, రిలేషన్‌షిప్ మ్యాట్రిక్స్‌లో (ఏది దేనికి లింకయిందో చూపే పట్టికలో) దేనికి టెస్టు లేదో చూడాలన్నప్పుడు విడి ఎలిమెంటే కావాలి. ఇప్పుడైతే నా ఓటు ఎక్స్‌టర్నల్‌కే.

లింక్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. నాలుగో అడుగు మార్చినా బాణం గీత అలాగే ఉంటుంది, ఆ చివర ఉన్న టెస్టు పాతబడిందని అది చెప్పదు. డోర్స్ అని రిక్వైర్‌మెంట్లు రాసుకునే ఇంకో టూల్ ఉంది, అందులో ఇలాంటి వాటిని సస్పెక్ట్ లింక్ అని గుర్తు పెట్టి చూపిస్తారు. మేం మాత్రం చేత్తోనే కానిస్తున్నాం. ప్రతి టెస్ట్ కేస్‌కీ ఒక ట్యాగ్‌డ్ వాల్యూ (మనం తగిలించుకునే అదనపు గడి) పెట్టి, యూజ్ కేస్ ఏ వెర్షన్ చూసి రాశామో అందులో వేస్తున్నాం, రెండు నంబర్లూ కలవకపోతే ఆ టెస్టు మళ్లీ చదవాలి. మొదటి వారం అందరూ సణిగారు.

శుక్రవారం మ్యాట్రిక్స్‌ని సీఎస్‌వీలోకి తీసి పంపుతాను, మా మేనేజర్ ఎక్సెల్ తప్ప ఇంకేదీ తెరవరు. ఈ వారం రెండు వరుసలు ఖాళీ. ఒకటి 'ఆటోపే రద్దు', దానికి టెస్టులు రేపు రాస్తారట. రెండోది, నేను పేస్ట్ చేసిన గుడ్లలోదే, ఇంకా తీసేయనిది.