ఇర్వింగ్ బిల్లు, కోఠి చందా

లీవు మీద వచ్చి కోఠిలో మా బావ మిక్సీల షాపులో కూర్చున్నాను. "మీ అమెరికాల అందరు ఆన్‌లైన్లనే కొంటరట గదా, మరి ఊరికేమొస్తది?" అన్నాడు. టెక్సస్‌లో నా ఉద్యోగమే ఆ లెక్క. బిల్లు మీద పన్ను వేసే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం నా పని.

నేనుండే ఇర్వింగ్‌లో వంద డాలర్ల వస్తువుకి 8.25 డాలర్ల పన్ను. 6.25 రాష్ట్రానికి, ఒక డాలరు ఊరికి, ఇంకో డాలరు డార్ట్ అనే రవాణా సంస్థకి. కారు కొనేదాకా ఆఫీసుకి ఆ డార్ట్ రైల్లోనే వెళ్లాను.

1992 నాటి ఒక తీర్పు వల్ల, రాష్ట్రంలో షాపో గోడౌనో లేని కంపెనీ అప్పట్లో ఈ పన్ను వసూలు చేయక్కర్లేదు. కొన్నవాళ్లే లెక్కగట్టి కట్టుకోవాలి. ఎవరు కడతారు? నేనూ కట్టలేదు. 2018 జూన్ 21న సౌత్ డకోటా రాష్ట్రానికీ వేఫేర్ అనే ఆన్‌లైన్ కంపెనీకీ మధ్య నడిచిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆ తీర్పును కొట్టేసింది. ఇక షాపు లేని కంపెనీల చేత కూడా రాష్ట్రాలు పన్ను వసూలు చేయించొచ్చు. మాకు ఆ వేసవంతా టెన్షనే.

అన్నిటికన్నా ఏడిపించింది జిప్ కోడ్, అంటే అక్కడి పిన్ కోడ్. ఒకే కోడ్ కింద రెండు ఊళ్లుంటాయి. రెండింట్లోనూ పన్ను 8.25 శాతమే కాబట్టి కొన్నవాడికి తేడా కనబడదు, ఫిర్యాదూ రాదు. డబ్బు మాత్రం పక్క ఊరి ఖాతాలో పడుతుంది. అలాంటి తప్పు పట్టుకోవడానికి నాలుగు రాత్రులు కూర్చున్న సందర్భాలున్నాయి.

బావ తన బిల్లు పుస్తకం ముందుకు తోశాడు. మిక్సీ మీద 18 శాతం జీఎస్టీ, సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. బొంబాయి నుంచి ఆన్‌లైన్లో తెప్పించినా రాష్ట్రం వాటా చివరికి తెలంగాణకే చేరుతుంది. ఊరికంటూ బిల్లులో విడిగా వరస లేదు. మున్సిపాలిటీకి బావ కట్టేది ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు ఫీజు.

"అంటే నా షాపు మూతబడ్డా జీఎస్టీకి ఫరక్ పడదన్నట్టు," అన్నాడు.

నేను జవాబు వెతుక్కుంటుండగానే గల్లీ పిల్లలు రశీదు పుస్తకంతో వచ్చారు. వినాయక చవితి చందా. బావ 1,116 రాయించి, "ఆ ఆన్‌లైనోళ్ల దగ్గరికి గూడ పోయిర్రా?" అని అడిగాడు.

"పోయినమన్నా. గోడౌన్ ఊరి బయటుంది. వాచ్‌మెన్ గేటే తియ్యలే."